సెప్టెంబర్‌లో ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్: అమ్మానాన్నలతో, గైడ్‌తో జంతువులు చూడ్డానికి వెళ్తున్నాం. ఎలా సిద్ధమవ్వాలి?

వెన్నెలవాన

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ రెండో వారంలో అమెరికాలోని ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ పార్కులకి వెళ్తున్నాం. నేను, మా ఆయన, ఏడేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు. నాన్నకి జంతువులంటే ప్రాణం. బోనులో కాకుండా అడవిలో తిరిగే తోడేలుని ఒక్కసారైనా చూడాలని ఎప్పటినుంచో అంటున్నారు. అందుకే ఈసారి గీజర్ల (నేలలోంచి వేడినీళ్లు ఎగజిమ్మే ఊటల) దగ్గర ఫొటోలు దిగి వచ్చేయకుండా, జంతువులు చూపించే గైడ్‌ని పెట్టుకుందామనుకుంటున్నాం. ఇంకా ఎవర్నీ బుక్ చెయ్యలేదు.

నాన్నకి బీపీ ఉంది, మాత్రలు వాడతారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, చలి అస్సలు పడదు. గైడ్‌లేమో తెల్లవారుజామున ఐదింటికే బయల్దేరాలంటున్నారు. పెద్దవాళ్లతో, చిన్నపిల్లతో అంత పొద్దున్నే వెళ్లడం అవసరమా? బైనాక్యులర్స్ ఎలాంటివి కొనాలి? బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే కొట్టే మిరప ఘాటు స్ప్రే) మనమే తీసుకెళ్లాలా? గైడ్‌ని ముందుగా ఏమేం అడగాలి? ఎలుగుబంట్ల గురించి చదివినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా కూడా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

అడవిదారి

వెన్నెలవాన గారూ, మంచి నెల ఎంచుకున్నారు. సెప్టెంబర్ ఎల్క్‌లు (పెద్ద దుప్పి జాతి) జతకట్టే కాలం. మగ ఎల్క్ అరుపు మీ నాన్నగారికి తప్పకుండా వినిపించండి. అంత భారీ ఒంట్లోంచి సన్నగా, ఈల వేసినట్టు గొంతు లేస్తుంది, చివర్లో గుర్రుమని ఆగుతుంది. ఎల్లోస్టోన్ పార్కులోని మామత్ హాట్ స్ప్రింగ్స్‌లో అవి భవనాల మధ్య పచ్చిక మీదే తిరుగుతుంటాయి కాబట్టి అమ్మగారు కారు దిగకుండానే వినొచ్చు. ఆ రోజుల్లో మగ ఎల్క్‌లు ఎంత కోపంగా ఉంటాయంటే కార్లని కూడా కొమ్ములతో పొడుస్తాయి. తలుపు తీసే ముందు నాలుగు వైపులా చూసుకోండి.

పొద్దున్నే లేవడం మాత్రం తప్పదండీ. తోడేళ్లు, ఎలుగుబంట్లు తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం పొద్దువాలే వేళ ఎక్కువగా తిరుగుతాయి. ఎండెక్కాక చెట్ల నీడకి పోయి పడుకుంటాయి. ఇంకో కారణం కూడా ఉంది. ఎల్లోస్టోన్‌లోని లామార్ లోయలో తోడేళ్లు చాలాసార్లు కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. ఎండకి నేల వేడెక్కితే పైన గాలి అలలు అలలుగా కదులుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి చూసే దూరదర్శిని) పెట్టినా బొమ్మ మసకబారిపోతుంది. కాబట్టి మీ గైడ్ ఐదింటికి రమ్మంటే ఆయన పని ఆయనకి తెలుసనే అర్థం.

ప్రయాణం తగ్గాలంటే ఉత్తరాన గార్డినర్‌లో గానీ మామత్‌లో గానీ బస చెయ్యండి. అక్కణ్నుంచి లామార్‌కి సుమారు గంట. పెద్దవాళ్లకి అది ఇంకో రకంగానూ మంచిది. గార్డినర్ ఎత్తు సుమారు 1,600 మీటర్లు, ఎల్లోస్టోన్ సరస్సు ఒడ్డు దాదాపు 2,360 మీటర్లు. పగలు పైకి వెళ్లి రాత్రి కిందికొచ్చి పడుకుంటే ఒంటికి తేలిక.

గైడ్‌ని మొదట అడగాల్సింది పార్కు ఇచ్చే వాణిజ్య అనుమతి ఉందా అని. అది లేకుండా పార్కులో డబ్బు తీసుకుని తిప్పకూడదు. ఆ తర్వాత బండిలో ఎంతమంది, ఎన్ని స్కోప్‌లు తెస్తారు, హోటల్ దగ్గరకొచ్చి ఎక్కించుకుంటారా, పార్కు ఎంట్రీ ఫీజు వాళ్ల రేటులో కలిసిందా, ప్రథమ చికిత్స శిక్షణ ఉందా, పాపకి బూస్టర్ సీటు ఉందా అని అడగండి. ఐదుగురికి ఒకే స్కోప్ అంటే వద్దనుకోండి. తోడేలు కనపడే రెండు నిమిషాల్లో నలుగురు వరసలో నిలబడి ఉంటారు. "తోడేలు గ్యారంటీ" అనేవాళ్లని అసలు నమ్మొద్దు. పార్కు దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు, తోడేళ్లు వంద అటూ ఇటూ.

రాళ్లవాగు

నేను కాస్త వేరేగా ఆలోచిస్తాను. గైడ్ ఖర్చు తక్కువేం కాదు. లామార్‌లో పొద్దున్నే రోడ్డు పక్కన ట్రైపాడ్లు వరసగా నిలబడి ఉన్న చోట మీరూ ఆగండి. ఏళ్ల తరబడి తోడేళ్లనే చూస్తూ అక్కడే తిరిగేవాళ్లు ఉంటారు. మర్యాదగా అడిగితే వాళ్ల స్కోప్‌లోంచి చూపిస్తారు, ఆ గుంపు కథంతా చెప్తారు కూడా. నాకు అలాగే తెలిసింది చాలా. స్కోప్ అద్దెకి కూడా దొరుకుతుంది. ఆ డబ్బుతో ఇంకో రెండు రోజులు ఎక్కువ ఉండండి. జంతువులు కనపడేది ఎక్కువ రోజులు ఉన్నవాళ్లకే.

అడవిదారి

ఎక్కువ రోజులు ఉండమన్న మాట అక్షరాలా నిజం, రాళ్లవాగు గారూ. ఒంటరిగానో స్నేహితులతోనో వెళ్తే నేనూ అలాగే వెళ్తాను. కానీ ఇక్కడ చీకట్లో, బైసన్‌లు (అడవిదున్నల్లాంటి భారీ జంతువులు) రోడ్డుకి అడ్డంగా నిలబడే దారిలో, వెనక సీట్లో బీపీ ఉన్న నాన్నగారు, నిద్రలో పాప. వీళ్ల ఆయన డ్రైవింగ్ చూడాలా, కొండ మీద నల్ల చుక్క తోడేలా బండరాయా అని చూడాలా? ఒకటి రెండు పూటలు గైడ్‌ని పెట్టుకుని, మిగతా రోజులు మీరు చెప్పినట్టు సొంతంగా తిరగడం వీళ్లకి సరిపోతుంది.

రాళ్లవాగు

సరే, మొదటి రోజు గైడ్ అయితే ఒప్పుకుంటాను. ఎక్కడ ఆగాలో, ఎటు చూడాలో ఆ రోజే తెలిసిపోతుంది.

పాలపిట్ట

బైనాక్యులర్స్ సంగతి నేను చెప్తాను. 8x42 తీసుకోండి. ఎనిమిది అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే ఐదుకి కాస్త పైన వస్తుంది. కంటికి చేరే వెలుగు వలయం అంత వెడల్పు అన్నమాట. తెల్లవారుజాము మసక వెలుతురులో అదే ఆదుకుంటుంది. 10x42 ఇంకాస్త దగ్గరగా చూపిస్తుంది గానీ చెయ్యి ఏ కొంచెం వణికినా బొమ్మ ఊగుతుంది. పెద్దవాళ్లకి 8 హాయి. జేబులో పట్టే బుల్లి 8x21లు ఆ వేళకి పనికిరావు.

కొనడం కంటే ముఖ్యం, ఇంట్లోనే నాన్నగారి కళ్లకి సరిచెయ్యడం. ముందు రెండు గొట్టాలనీ దగ్గరికీ దూరానికీ వంచి, రెండు వలయాలు ఒకటిగా కనపడేలా పెట్టాలి. కళ్లజోడుతో చూసేవాళ్లైతే కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పెయ్యాలి, జోడు లేకపోతే బయటికి లాగాలి. తర్వాత దూరంగా ఉన్న ఏదైనా బోర్డు వైపు తిప్పి, కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి అక్షరాలు స్పష్టంగా కనపడేలా చెయ్యాలి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి గొట్టం మీదున్న చిన్న రింగుతో కుడి కంటికి సరిచెయ్యాలి. చాలా మోడళ్లలో ఆ రింగు కుడి వైపే ఉంటుంది. ఒకసారి కుదిరాక అక్కడ చిన్న టేపు ముక్క అంటించండి. ఇక నుంచి మధ్య చక్రం ఒక్కటే తిప్పుకోవాలి. ఇది చెయ్యక "నాకేం కనపట్లేదు" అని బైనాక్యులర్స్ పక్కన పెట్టేసే పెద్దవాళ్లని చాలామందిని చూశాను. చాలా బాధేస్తుంది, ఎందుకంటే తప్పు వాళ్ల కళ్లది కాదు.

అందరికీ ఒక్కటే కొంటే కుదరదు. ఇద్దరికి ఒకటైనా ఉండాలి. పాపకి తేలికది, తక్కువ ఖరీదుది చాలు. తనది అని మెళ్లో ఒకటుంటే పిల్లలకి వెతకాలన్న ఉత్సాహం వస్తుంది.

స్కోప్ దగ్గర ఒక్క జాగ్రత్త. చూసేటప్పుడు ట్రైపాడ్ పట్టుకోకూడదు. గైడ్ కష్టపడి పట్టిన తోడేలు ఒక్క తాకిడికి ఫ్రేమ్‌లోంచి పోతుంది. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూడమని పాపకి ముందే నేర్పండి.

గోరువంక

బేర్ స్ప్రే విమానంలో తీసుకెళ్లనివ్వరు. చేతి సంచిలోనూ కుదరదు, చెక్-ఇన్ సామానులోనూ కుదరదు. అక్కడికి వెళ్లాక కొనాలి, లేదా అద్దెకి తీసుకోవాలి. రోడ్డు పక్కన ఆగి చూసే గైడెడ్ ట్రిప్‌లో సాధారణంగా గైడ్ దగ్గరే ఉంటుంది, ఉందో లేదో అడగండి. సొంతంగా ఏ చిన్న దారిలో నడవాలన్నా పెద్దవాళ్లలో ఒకరి నడుముకి ఉండాలి. బ్యాగు అడుగున ఉన్న డబ్బా లేనట్టే. ఎలుగు మీదికి పరిగెత్తుకొస్తుంటే పది, పదిహేను మీటర్ల దూరంలో ఉండగా, కొంచెం కిందికి గురిపెట్టి కొట్టాలి. అది మిరప ఘాటు మేఘం, ఎలుగు దాంట్లోకి దూసుకొచ్చి ఆగిపోతుంది. దోమల మందులా ఒంటికో బట్టలకో పూసుకునేది కాదు. పిల్లలున్న ఇంట్లో ఈ మాట గట్టిగా చెప్పాలి.

పార్కు నియమం: ఎలుగుబంట్లు, తోడేళ్లు, కూగర్లకి (పెద్ద అడవి పిల్లులకి) 100 గజాలు (91 మీటర్లు), బైసన్, ఎల్క్ సహా మిగతా అన్నిటికీ 25 గజాలు (23 మీటర్లు) దూరం ఉండాలి. అది కనీసం మాత్రమే. ఆ దూరంలో ఉన్నా, మిమ్మల్ని చూసి జంతువు మేత ఆపినా, కదిలినా మీరు వెనక్కి తగ్గాలి.

మీ టెన్షన్ ఎలుగుబంట్ల గురించి కదా. ఎల్లోస్టోన్‌లో మనుషుల్ని ఎక్కువగా గాయపరిచింది బైసన్. ఆవులా నెమ్మదిగా మేస్తూ కనపడేసరికి అందరూ దగ్గరికి పోతారు. అది మనిషి కంటే మూడు రెట్లు వేగంగా పరిగెత్తగలదు. తోక పైకి లేచినా, తల ఆడిస్తూ నేల గీకినా, గుర్రుమన్నా వెంటనే అక్కణ్నుంచి తప్పుకోండి. 2023 మే నెలలో ఒకాయన గుంపు నుంచి విడిపోయిన బైసన్ దూడని సాయం చేద్దామని చేత్తో రోడ్డు మీదికి తోశాడు. దాన్ని మళ్లీ గుంపు చేర్చుకోలేదు. అది కార్ల వెంట, మనుషుల వెంట పడుతుంటే చివరికి పార్కు సిబ్బందే చంపాల్సి వచ్చింది. జాలితో కూడా ముట్టుకోకూడదని పాపకి ఈ సంగతి చెప్పండి.

చలిమంట

వెన్నెలవాన అక్కా, మా అత్తగారు, మామగారితో మేం కూడా ఇదే నెలలో వెళ్లాం, అందుకే అమ్మగారి గురించి రాస్తున్నా. మధ్యాహ్నం స్వెటర్ తీసేసేంత ఎండ ఉంటుంది. పొద్దున మాత్రం గడ్డి మీద మంచు పేరుకుని ఉంటుంది. ఆ ఎత్తులో ఏ నెలలోనైనా మంచు కురవచ్చు. పైగా ఇది నడిచే చలి కాదు, ఒకేచోట గంటలు గంటలు నిలబడే చలి. మొదట కాళ్లే గడ్డకడతాయి.

అమ్మగారు చీరే కడతానంటే కట్టుకోనివ్వండి, కాకపోతే లోపల ఉన్ని థర్మల్స్ పైనా కిందా వేసి, మందపాటి ఉన్ని సాక్సులు, గట్టి అడుగున్న బూట్లు వెయ్యండి. చెప్పులొద్దు. కొంగు గాలికి ఎగరకుండా పైన పొడుగు జాకెట్ ఉంటే చాలు. కాటన్ బనియన్లు, కాటన్ సాక్సులు ఇంట్లో వదిలెయ్యండి, చెమటకో మంచుకో తడిస్తే ఆరవు. చెవులు మూసే టోపీ, చేతి గ్లోవ్స్ అందరికీ. ఫోల్డింగ్ కుర్చీ ఒకటి తప్పనిసరి. ఎత్తు తగ్గించిన స్కోప్ ముందు కుర్చీలో కూర్చుంటే మోకాళ్ల బాధే ఉండదు. గైడ్‌కి ఈ మాట ముందే చెప్తే ట్రైపాడ్ అలా సర్దుతారు, కుర్చీ వాళ్లే తెస్తారేమో కూడా అడగండి.

టాయిలెట్ల గురించి ఎవరూ రాయలేదు. లోయల్లో అవి చాలా దూరం దూరంగా ఉంటాయి, ఉన్నవి కూడా ఎక్కువగా నీళ్లు లేని గుంట మరుగుదొడ్లే. మా అత్తగారు ఆ భయంతో పొద్దుట్నుంచీ నీళ్లు తాగడం మానేశారు. ఎత్తు ప్రదేశంలో అది చాలా తప్పు, మధ్యాహ్నానికి తలనొప్పి పట్టుకుంది. గైడ్‌తో ముందే మాట్లాడి, గంటన్నరకోసారి టాయిలెట్ ఉన్న చోట ఆపాలని చెప్పండి. ఆ సంగతి అమ్మగారికి కూడా చెప్పండి, అప్పుడే ధైర్యంగా నీళ్లు తాగుతారు. టిష్యూలు, శానిటైజర్ చేతిలో ఉంచుకోండి.

మేఘమాల

ఎత్తు గురించి చలిమంట గారి మాటకి ఇంకొంచెం. ఆ పార్కులో ఎక్కువ భాగం 2,270 మీటర్ల పైనే ఉంటుంది. డన్‌రావెన్ పాస్ దగ్గర రోడ్డు 2,700 మీటర్లకి చేరుతుంది. చాలామందికి మొదటి రోజు కాస్త ఆయాసం, నిద్ర పట్టకపోవడం తప్ప ఏం కాదు. కానీ నాన్నగారికి బీపీ ఉంది కాబట్టి బయల్దేరే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి కొన్ని ఉంటాయి, పొద్దున్నే ఎప్పుడు వేసుకోవాలో అడిగి తెలుసుకోండి. మాత్రలు చెక్-ఇన్ సామానులో వెయ్యకండి, చేతి సంచిలోనే ఉంచండి. దిగిన మర్నాడే తెల్లవారుజాము ట్రిప్ పెట్టుకోకుండా ఒక రోజు ఖాళీగా వదలండి. తలనొప్పితో పాటు వాంతులు, అడుగు తడబడటం, కూర్చున్నా ఆయాసం ఉంటే ఇంకెక్కడికీ వెళ్లకుండా కిందికి దిగి డాక్టర్‌కి చూపించాలి. మామత్‌లో ఏడాది పొడవునా క్లినిక్ ఉంటుంది. లేక్, ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గరివి సీజన్‌లోనే తెరుస్తారు.

విజిటర్ ఇన్సూరెన్స్‌లో ఉన్న జబ్బులకి కవరేజ్ ఉందా, హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఇస్తారా అన్నవి కాగితం మీద చదవండి. ఫోన్‌లో ఏజెంట్ మాట సరిపోదు. పార్కులో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి పాలసీ కాపీ, మందుల చీటీ ప్రింట్ తీసుకోండి, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి.

వెన్నెలవాన

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. టాయిలెట్ల విషయం నాకు తట్టనే లేదు, అమ్మ కచ్చితంగా నీళ్లు మానేసే మనిషే. మొదటి రెండు పూటలు గైడ్, తర్వాత సొంతంగా అని నిర్ణయించుకున్నాం, గార్డినర్‌లో గది చూస్తున్నాం. ఇంకో రెండు ప్రశ్నలు. పులిహోర, పెరుగన్నం చేసి తీసుకెళ్లొచ్చా, వాసనకి ఎలుగులు వస్తాయా? గ్రాండ్ టీటన్‌లో కూడా గైడ్ కావాలా?

గోరువంక

నిక్షేపంగా తీసుకెళ్లండి. తినేటప్పుడు డబ్బా పక్కనే మనిషి ఉండాలి, తిన్నాక మెతుకు మిగలకుండా ఎత్తి బండిలో పెట్టి అద్దాలు మూసెయ్యాలి. బల్ల మీద వదిలేసి స్కోప్ దగ్గరికి పరిగెత్తకూడదు. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది, ఆఖరికి దాని ప్రాణం మీదికే వస్తుంది. ఎలుగులే కాదు, అక్కడి కాకోలాలు (రేవెన్ అనే పెద్ద నల్ల కాకులు) బ్యాగు జిప్పులు కూడా లాగేస్తాయి.

పాలపిట్ట

ఆ కాకోలాల్ని మీ నాన్నగారు గమనిస్తూ ఉండాలి. ఒకచోట గుంపుగా దిగి లేస్తున్నాయంటే అక్కడ చచ్చిన జంతువు ఉండొచ్చు, దాని దగ్గర తోడేళ్లో ఎలుగో ఉండొచ్చు. అలాగే ఎల్క్‌లు, ప్రాంగ్‌హార్న్‌లు (జింకల్లాంటివి) మేత మానేసి అన్నీ ఒకేవైపు చూస్తుంటే మీరూ అటే చూడండి. గైడ్‌లు మొదట వెతికేది ఇవే. ఏదైనా కనపడితే "అదిగో అక్కడ" అంటే ఎవరికీ అర్థం కాదు. "ఒంటరి చెట్టు, దానికి ఎడమవైపు రెండు వేళ్ల దూరం, గడ్డి రంగు మారే చోట" అని చెప్పడం పాపకి కూడా నేర్పండి.

తోడేలు కనపడితే నాన్నగారికి ఈ సంగతి చెప్పండి. 1926 నాటికి ఆ పార్కులో తోడేళ్లని పూర్తిగా లేకుండా చేసేశారు. 1995లో కెనడాలోని ఆల్బర్టా నుంచి 14, మరుసటి ఏడాది బ్రిటిష్ కొలంబియా నుంచి 17 తెచ్చి వదిలారు. ఇప్పుడు స్కోప్‌లో కనపడేవి ఆ తిరిగొచ్చిన సంతతే. వాటిలో దాదాపు సగం నల్లగా ఉంటాయి, బూడిద రంగు కోసమే వెతక్కండి.

అడవిదారి

టీటన్‌లో గైడ్ లేకపోయినా నడుస్తుంది. అక్కడ మీకు మూస్ (ఎల్క్ కంటే పెద్ద దుప్పి జాతి) కావాలి. పొద్దున్నే ఆక్స్‌బో బెండ్, విల్లో ఫ్లాట్స్, గ్రో వాంట్ నది ఒడ్డున కాటన్‌వుడ్ చెట్ల మధ్య చూడండి. మూస్-విల్సన్ అనే రోడ్డు సన్నగా ఉంటుంది, సెప్టెంబర్‌లో అక్కడి పొదల పండ్ల కోసం నల్ల ఎలుగులు వస్తాయి. రేంజర్లు ఆగొద్దంటే ఆగకుండా వెళ్లిపోవాలి. గార్డినర్ నుంచి అక్కడికి పార్కు గుండా సగం రోజు పడుతుంది. దారిలో హేడెన్ లోయ వస్తుంది, దాన్ని సాయంత్రం పూటకి పడేలా చూసుకోవద్దు, ఎందుకంటే చీకట్లో డ్రైవ్ చెయ్యాల్సి వస్తుంది.

చీకటి పడ్డాక డ్రైవింగ్ గురించి ప్రత్యేకంగా చెప్తున్నా. టీటన్ హైవే మీద రాత్రి వేగ పరిమితి గంటకి 45 మైళ్లు. 2020లో నాలుగు పిల్లలతో గుహలోంచి బయటికొచ్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న 399 అని అంకెతో పిలిచే గ్రిజ్లీ (పెద్ద గోధుమ రంగు ఎలుగు) తల్లి, 2024 అక్టోబర్‌లో జాక్సన్‌కి దక్షిణాన రోడ్డు మీద కారు తగిలి చనిపోయింది. దానికప్పుడు 28 ఏళ్లు, పక్కన ఏడాది వయసు పిల్ల ఉంది. పరిమితి 45 అయితే నేను 35లోనే వెళ్తాను, వెనక ఎవరు హారన్ కొట్టినా పక్కకి తప్పుకుని దారిస్తాను.

రాళ్లవాగు

సొంతంగా తిరిగే రోజుల కోసం: జంతువు కనపడగానే రోడ్డు మీద బ్రేక్ వెయ్యొద్దు. తెల్లగీత దాటి నాలుగు చక్రాలూ పక్కకి దిగేలా, ఆగడానికి కట్టిన చోటే ఆపండి. డ్రోన్ ఇంట్లోనే వదిలెయ్యండి, నేషనల్ పార్కుల్లో నిషేధం. తోడేలు కూత కూసి, రికార్డింగ్ పెట్టి పిలవడం కూడా నిషేధమే. పాపని విజిటర్ సెంటర్‌కి తీసుకెళ్లి జూనియర్ రేంజర్ పుస్తకం (పిల్లల కోసం పార్కు వాళ్ల పుస్తకం) ఇప్పించండి. మధ్యాహ్నం జంతువులు పడుకునే వేళ దానితో బాగా గడుస్తుంది.

వెన్నెలవాన

అన్నీ రాసుకున్నాను. చివరిగా ఒక్కటి: స్కోప్‌లోంచి ఫోన్‌తో ఫొటో తియ్యడానికి అడాప్టర్ కొనాలా?

పాలపిట్ట

ముందు గైడ్‌ని అడగండి, చాలామంది దగ్గర ఉంటుంది. మీ ఫోన్ మోడల్ చెప్పండి, వెళ్లేటప్పుడు మందంగా ఉన్న కవర్ తీసేసి పట్టుకెళ్లండి, లేకపోతే బిగించదు. ఫొటో కంటే వీడియో తియ్యండి, దాంట్లోంచి మంచి ఫ్రేమ్ తర్వాత తీసుకోవచ్చు. కానీ మొదటిసారి తోడేలు కనపడ్డప్పుడు ముందు నాన్నగారిని చూడనివ్వండి, ఫోన్ తర్వాత బిగించొచ్చు.